రోలర్‌బాల్ జోలికి మళ్ళీ వెళ్ళేముందు ఇది చదవండి: అమెజాన్ ఎంజీఎం పెద్దలకు ఒక బహిరంగ లేఖ

అమెజాన్ ఎంజీఎం స్టూడియోస్ పెద్దలకు నమస్కారం.

తెలుగులో రాస్తే వీళ్ళెక్కడ చదువుతారు అని ఎవరూ నవ్వకండి. అమెరికా బయట అమెజాన్ వాళ్ళు సొంతంగా కట్టుకున్న మొదటి క్యాంపస్ ఉన్నది మన హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడ వైపు వెళ్ళినవాళ్ళందరూ చూసే ఉంటారు, 2019లో ఓపెన్ చేశారు, పదిహేను వేల మంది పట్టే బిల్డింగు. అందులో ఎవరో ఒకరు లంచ్ టైంలో ఇది చదివి పైకి ఫార్వర్డ్ చేస్తారని నా ఆశ. చెయ్యకపోయినా పర్లేదు, పాత సినిమాల పిచ్చి ఉన్న మనవాళ్ళు నలుగురు చదివినా చాలు.

విషయం రోలర్‌బాల్. 1975లో నార్మన్ జూయిసన్ తీసిన సినిమా, 2002లో జాన్ మెక్‌టీర్నన్ చేతిలో రీమేక్ అయ్యి నాశనమైన సినిమా. పాతది యునైటెడ్ ఆర్టిస్ట్స్ వాళ్ళది, వాళ్ళ సరుకంతా తర్వాత ఎంజీఎంకి వచ్చింది, ఆ ఎంజీఎంని 2022లో మీరు 8.45 బిలియన్ డాలర్లు పోసి కొనేశారు. అంటే ఇప్పుడు తాళం మీ దగ్గరుంది. మూడోసారి తీస్తున్నారని నేను అనట్లేదు, కానీ భయం మాత్రం ఉంది, ఊరికే వచ్చిన భయం కూడా కాదు. 2021లో కొనుగోలు మాట బయటికొచ్చినప్పుడు మీ బెజోస్ గారే షేర్‌హోల్డర్ల మీటింగ్‌లో చెప్పారు, ఎంజీఎం పాత సినిమాల్ని 21వ శతాబ్దానికి తగ్గట్టు మళ్ళీ డెవలప్ చేస్తామని. తర్వాత 1989 నాటి రోడ్ హౌస్‌ని 2024లో మళ్ళీ తీశారు, తీసి థియేటర్‌కి పంపకుండా డైరెక్ట్‌గా ప్రైమ్‌లో పడేశారు, డైరెక్టర్ డగ్ లైమన్ బయటికొచ్చి మరీ గొడవ పెట్టుకున్నాడు. ఇప్పుడేమో థామస్ క్రౌన్ అఫైర్‌ని మైకేల్ బి. జోర్డన్‌తో చేస్తున్నారు. అదే నన్ను కంగారు పెట్టింది. ఎందుకంటే థామస్ క్రౌన్ మొదట తీసింది ఎవరు, 1968లో జూయిసన్. రీమేక్ చేసింది ఎవరు, 1999లో ఇదే మెక్‌టీర్నన్. ఆ రీమేక్ బానే ఆడింది, ఆ ఊపులోనే ఆయన వెళ్ళి జూయిసన్‌దే ఇంకోటి పట్టుకున్నాడు, అది రోలర్‌బాల్. మీరూ అదే రూట్లో వస్తున్నారు, తర్వాతి స్టాప్ ఏంటో నాకు కనిపిస్తోంది.

చూడనివాళ్ళ కోసం కథ కొంచెం చెప్తాను, మీకు తెలిసే ఉంటుంది (తెలిసే ఉండాలి, ఓనర్లు కదా).

కథ జరిగేది 2018లో. అంటే 1975 వాళ్ళకి భవిష్యత్తు, మనకి కరోనా ముందు సంవత్సరాలు. దేశాలు లేవు, యుద్ధాలు లేవు, పేదరికం లేదు, కంపెనీలున్నాయి. ఎనర్జీకి ఒకటి, తిండికి ఒకటి, ఇళ్ళకి ఒకటి, రవాణాకి ఒకటి, కమ్యూనికేషన్‌కి ఒకటి, లగ్జరీకి కూడా ఒకటి. జనానికి అన్నీ దొరుకుతాయి, ఒక్కటే కండిషన్, పైవాళ్ళు తీసుకునే నిర్ణయాల గురించి అడక్కూడదు. జనం కోపం ఎటూ పోకుండా ఒక ఆట పెట్టారు. గుండ్రటి ట్రాక్, అంచులు పైకి లేచి ఉంటాయి, కాళ్ళకి స్కేట్లు కట్టుకుని కొందరు, మోటార్‌సైకిళ్ళ మీద కొందరు, ఫిరంగిలోంచి ఉక్కు బంతి దూసుకొస్తుంది, దాన్ని పట్టుకుని గోల్‌లో పెట్టాలి, అడ్డమొచ్చినవాణ్ణి ఏం చేసినా పెద్దగా అడిగేవాడు లేడు. చేతికి వేసుకున్న గ్లోవ్ మీద ముళ్ళుంటాయి, దాంతోనే కొడతారు.

ఈ ఆటలో హ్యూస్టన్ టీమ్ స్టార్ జోనాథన్ ఇ. జేమ్స్ కాన్ చేశాడు. జోనాథన్ పదేళ్ళుగా బతికే ఉన్నాడు, అదే కంపెనీకి ప్రాబ్లం. ఆట పెట్టిందే ఒక్కడు ఎంత కష్టపడ్డా ఏమీ పీకలేడు అని జనానికి చూపించడానికి, వీడేమో పీకుతున్నాడు, స్టేడియం మొత్తం వీడి పేరు అరుస్తోంది. అందుకని ఎనర్జీ కంపెనీ పెద్ద బార్తలోమ్యూ పిలిచి, మెల్లిగా, చాలా మర్యాదగా, రిటైర్ అయిపో నాయనా అంటాడు. ఎందుకు అని అడుగుతాడు వీడు. సమాధానం ఉండదు. సినిమా మొత్తం ఆ ఎందుకు వెనకాలే తిరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. రోలర్‌బాల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది బైకులు, రక్తం, ముళ్ళ గ్లోవ్. నేను చెప్పేదేంటంటే అది దెబ్బల సినిమా కానే కాదు, రూల్స్ సినిమా. రూల్స్ ఎవరు మారుస్తారు, ఎప్పుడు మారుస్తారు, ఎవడి కోసం మారుస్తారు, అంతే కథ.

సినిమాలో మూడు మ్యాచ్‌లే ఉంటాయి. మొదటిది మ్యాడ్రిడ్‌తో, మామూలు రూల్స్, పెనాల్టీలు ఉన్నాయి, దెబ్బ తగిలితే వేరేవాణ్ణి దింపొచ్చు. జోనాథన్ రిటైర్ అవ్వనన్నాడు. రెండోది టోక్యోతో, ఈసారి పెనాల్టీలు తీసేశారు, సబ్‌స్టిట్యూట్‌లు లిమిట్ చేశారు. అయినా వీడు తగ్గలేదు. మూడోది న్యూయార్క్‌తో ఫైనల్, పెనాల్టీలు లేవు, సబ్‌స్టిట్యూట్‌లు లేవు, టైం లిమిట్ కూడా లేదు. టైం లిమిట్ లేని ఆట అంటే ఏంటో ఒక్క నిమిషం ఆలోచించండి, ఒక టీమ్‌లో అందరూ పడిపోయేదాకా ఆట ఆగదు. ఒక్కడు మాట వినలేదని, వాడొక్కడిని దించడానికి ఇరవై మందిని చంపుకునే ఆటగా మార్చేశారు, అది కూడా ఎవరూ కేకలు వెయ్యకుండా, వీడియో కాన్ఫరెన్స్‌లో పెద్దమనుషులు కూర్చుని ప్రశాంతంగా మాట్లాడుకుని. ఆ మీటింగ్ సీన్ నాకు ట్రాక్ మీద చావులకంటే ఎక్కువ భయం వేస్తుంది.

టోక్యో మ్యాచ్‌లో జోనాథన్ ఫ్రెండ్ మూన్‌పైని కొట్టి పడేస్తారు. బ్రెయిన్ పోతుంది, శరీరం మాత్రం ఉంటుంది. ఆస్పత్రిలో డాక్టర్ వచ్చి కాయితం పెడతాడు, సంతకం పెట్టండి, మెషిన్లు తీసేస్తాం, ఇది ఆస్పత్రి రూల్ అంటాడు. రూల్స్ లేవు, అసలు ఏ రూలూ లేదు అని చెప్పి జోనాథన్ సంతకం పెట్టకుండా లేచి వెళ్ళిపోతాడు. ఇంతకుముందు మ్యాచ్‌కి ఏ రూల్ ఉందో ఏ రూల్ పోయిందో చూసొచ్చినవాడికి ఇంకెలా అనిపిస్తుంది మరి. డైలాగ్ చిన్నది, కాన్ గొంతు కూడా పెంచడు.

ఇంకొక సీన్ ఉంది, అందులో ఆట లేదు. కంపెనీ వాళ్ళ పార్టీ, రాత్రంతా తాగి తెల్లవారుజామున అందరూ పార్టీ డ్రెస్సుల్లోనే బయటికొస్తారు, ఒకడి చేతిలో పిస్తోలు లాంటిది ఉంటుంది, దాంతో పెద్ద పెద్ద చెట్లని కాలుస్తారు, ఒక్కో చెట్టు భగ్గుమని మండిపోతుంది, వీళ్ళు చప్పట్లు కొట్టి పడీ పడీ నవ్వుతారు. కారణం ఏమీ లేదు. కథకి అవసరం కూడా లేదు. కానీ ఆ సమాజం గురించి ఆ రెండు మూడు నిమిషాల్లో తెలిసినంత మిగతా సినిమా మొత్తం చూసినా తెలీదు. ఎడిటింగ్ టేబుల్ మీద మొదట ఎగిరిపోయే సీన్ ఇది, మీ రీమేక్‌లో అయితే స్క్రిప్ట్ స్టేజ్‌లోనే ఎగిరిపోతుంది.

షూటింగ్ ఎక్కడ చేశారో తెలుసా, నాకు ఇది తెలిసినప్పటినుంచీ ఆ సినిమా చూసే పద్ధతే మారిపోయింది. ఆట సీన్లు తీసింది మ్యూనిక్‌లో, రూడీ సెడ్ల్‌మాయర్ హాల్‌లో. 1972 ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ ఆడిన హాల్ అది. అమెరికా, సోవియట్ ఫైనల్ అక్కడే జరిగింది. మూడు సెకన్లు మిగిలి ఉండగా అమెరికా 50-49తో ముందుంది. ఆట మొదలెట్టారు, ఆపారు, ఇంతలో అంతర్జాతీయ సంఘం పెద్ద విలియమ్ జోన్స్ అనే ఆయన స్టాండ్స్‌లోంచి కిందికి దిగొచ్చి, మూడు వేళ్ళు చూపించి, మళ్ళీ ఆ మూడు సెకన్లు ఆడండి అన్నాడు. మ్యాచ్ మధ్యలో అలా చెప్పే అధికారం ఆయనకి లేదు, అయినా చెప్పాడు, మళ్ళీ మొదలెట్టారు, అయిపోయింది అనుకుని అమెరికా వాళ్ళు ఎగిరి గంతులేశారు, గడియారం సరిగ్గా సెట్ చెయ్యలేదని మూడోసారి ఆడించారు, సోవియట్ ఆటగాడు బెలోవ్ వేశాడు, 51-50. అప్పీల్‌కి వెళ్తే ఐదుగురిలో ముగ్గురు కొట్టేశారు. అమెరికా ఆటగాళ్ళు ఆ వెండి పతకాలు తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోలేదు. సోవియట్ టీమ్ తప్పా కాదా అనేది వేరే గొడవ, గడియారం దగ్గర తప్పు నిజంగానే జరిగింది అనేవాళ్ళూ ఉన్నారు, నేను దాంట్లోకి పోను. నాకు కావాల్సింది ఆ చెయ్యి. స్టాండ్స్‌లోంచి సూటు వేసుకుని దిగొచ్చి మూడు వేళ్ళు చూపించిన చెయ్యి. రెండు మూడేళ్ళు తిరక్కుండానే అదే హాల్లో, అదే నేల మీద ట్రాక్ కట్టి జూయిసన్ ఈ సినిమా తీశాడు. కావాలని ఆ హాల్ తీసుకున్నాడో, ఖాళీగా ఉందని తీసుకున్నాడో, ఏదైతేనేం, దానికంటే సరైన చోటు ప్రపంచంలో ఇంకోటి లేదు.

అదే ఊళ్ళో బీఎండబ్ల్యూ హెడ్ ఆఫీసు ఉంటుంది, నాలుగు సిలిండర్లు పక్కపక్కన నిలబెట్టినట్టు కొత్తగా కట్టిన టవర్, సినిమాలో ఎనర్జీ కార్పొరేషన్ ఆఫీసుగా చూపించింది దాన్నే. సెట్ వెయ్యాల్సిన పనే లేకపోయింది. ఇంకో జోకేంటంటే తర్వాత ఆ బాస్కెట్‌బాల్ హాల్‌కి ఆడి కంపెనీ పేరు పెట్టారు, ఆ తర్వాత అది పోయి ఇప్పుడు బీఎండబ్ల్యూ పేరు వచ్చింది. సినిమా వాళ్ళు భవిష్యత్తు ఊహించారు అని అందరూ తెగ పొగుడుతారు గానీ స్పాన్సర్ పేరు వరకు ఊహించి ఉండరు.

సరే, 2002కి వద్దాం. నేను ఈ రీమేక్‌ని తిట్టడానికి రాయట్లేదు, తిట్టడం చాలా ఈజీ, ఎప్పుడో అందరూ తిట్టేశారు. డై హార్డ్, ప్రిడేటర్ తీసిన మనిషి మెక్‌టీర్నన్, చెత్త డైరెక్టర్ ఏం కాదు. 70 మిలియన్ డాలర్ల ఖర్చు, ప్రపంచం మొత్తం కలిపి 26 మిలియన్ దాకా వచ్చింది. 2001 సమ్మర్‌లో రావాల్సింది, టెస్ట్ స్క్రీనింగ్‌ల్లో దెబ్బతిని 2002 ఫిబ్రవరికి పోయింది, ఆ మధ్యలో పిల్లలు కూడా రావాలని రక్తం కడిగేసి కోసి కుట్టి పీజీ-13 చేశారు. రక్తం కనిపించని రోలర్‌బాల్. ఒక పెద్ద ఛేజ్ మొత్తం నైట్ విజన్ కెమెరాలో తీసినట్టు ఆకుపచ్చగా ఉంటుంది, ఎవడు ఎవడో తెలీదు, టీవీ పాడైందేమో అని లేచి చూడాల్సిందే.

కానీ అవి కాదు అసలు జబ్బు. కథ కజకిస్తాన్‌కి మార్చారు, భవిష్యత్తు తీసేసి దగ్గర్లో 2005 పెట్టారు, జాన్ రెనో లీగ్ ఓనర్, క్రిస్ క్లైన్ హీరో, ఎల్ఎల్ కూల్ జే ఫ్రెండు, ఓనర్ పక్కన తిరిగే సంజయ్‌గా నవీన్ ఆండ్రూస్ (ఆయన మన పక్క కేరళ మూలాలవాడే, ఆ పాత్రలో ఏం చెయ్యడానికి ఉంది పాపం). ఓనర్ ప్లాన్ ఏంటంటే యాక్సిడెంట్లు చేయించి, దెబ్బలు తగిలినప్పుడల్లా టీవీ రేటింగ్ పెరిగేలా చూసి, అమెరికా కేబుల్ డీల్ కొట్టాలి. నిజం చెప్పాలంటే ఇందులో ఒక మంచి ఐడియా ఉంది, స్క్రీన్ మీద రేటింగ్ నంబర్ లైవ్‌లో పెరుగుతూ కనిపిస్తుంది, ఒకడి తల పగలగానే నంబర్ జంప్ అవుతుంది. యూట్యూబ్ లైవ్ వ్యూస్ రాకముందే ఇది ఊహించారు, ఆ ఒక్కదానికి నేను దండం పెడతా. దాన్ని పట్టుకుని లోపలికి వెళ్ళి ఉంటే వేరే మంచి సినిమా అయ్యుండేది. వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదంటే వాళ్ళకి ఒక విలన్ కావాలి. పాత సినిమాలో బార్తలోమ్యూ విలన్ కూడా కాదు, ఒక ఉద్యోగి అంతే, పెద్ద ఉద్యోగి. వాణ్ణి చంపితే రేపు వాడి సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు, ఆ సంగతి జోనాథన్‌కి తెలుసు, చూసేవాడికీ తెలుసు. జోనాథన్ భార్య ఎల్లాని ఒక ఎగ్జిక్యూటివ్ మోజుపడ్డాడని కంపెనీయే తీసుకెళ్ళి అతనికి ఇచ్చేసింది, ఆ ఎగ్జిక్యూటివ్‌ని సినిమాలో ఒక క్యారెక్టర్‌గా కూడా నిలబెట్టరు, చూసుకోండి. పగ తీర్చుకుందామంటే ఎదురుగా మనిషే లేడు. కొత్త సినిమాలో ఆ గొడవే లేదు, ఒక చెడ్డ ఓనర్, వాడి మనుషులు, చివర్లో హీరో పగ తీర్చుకోవడం, జనం తిరగబడటం. మన మాస్ సినిమాల్లో నెలకి రెండు వస్తాయి ఇలాంటివి, పైగా మనవాళ్ళు బెటర్‌గా తీస్తారు.

పాత క్లైమాక్స్ ఎలా ఉంటుందో ఇక్కడ చెప్పాలి. న్యూయార్క్ ఫైనల్. ట్రాక్ నిండా శవాలు, తగలబడుతున్న బైకులు. చివరికి జోనాథన్, అవతల టీమ్ నుంచి ఒకడు బైక్ మీద, ఇంకొకడు స్కేట్ల మీద. బైక్ వాడు పోతాడు. స్కేట్ల వాణ్ణి పట్టి కింద పడేసి, కంపెనీ పెద్దలు కూర్చున్నచోటికి ఎదురుగా, ఉక్కు బంతి పైకెత్తుతాడు. వెయ్యాలి. ఆటే అది. స్టేడియంలో శబ్దం లేదు. వెయ్యడు. వాణ్ణి వదిలేసి, లేచి, కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి బంతి గోల్‌లో పెడతాడు. స్కోరు 1-0. అంతే. రూల్స్ అన్నీ తీసేసినా మిగిలిన ఒక్క రూల్, బంతి గోల్‌లో పెడితే పాయింట్ అనేది, దాన్ని వాడుకుని గెలిచాడు. జనం జోనాథన్ జోనాథన్ అని మొదలెడతారు, వాడు ట్రాక్ చుట్టూ స్కేట్ చేస్తాడు, ఫ్రేమ్ ఆగిపోతుంది, బాక్ ఆర్గన్ మ్యూజిక్ పేలుతుంది. హీరో చంపకపోవడం వల్ల గెలవడం, అంత రక్తం చూపించాక. 2002లో ఆ పాయింట్ అటకెక్కించి మామూలు పగ కథ చేశారు.

ఇంకో ముక్క చెప్పాలి, ఇది పబ్లిక్ రికార్డులో ఉన్నదే. రీమేక్ తీసేటప్పుడు నిర్మాత చార్ల్స్ రోవెన్ ఫోన్లు వినడానికి మెక్‌టీర్నన్ ఆంథొనీ పెల్లికానో అనే ప్రైవేట్ డిటెక్టివ్‌ని పెట్టుకున్నాడు, 2006లో ఎఫ్‌బీఐ అడిగితే అబద్ధం చెప్పాడు, ఏళ్ళ తరబడి కోర్టుల్లో తిరిగి 2013లో జైలుకెళ్ళాడు. ఎవడి మాటలు ఎవడు వింటున్నాడు, నిర్ణయాలు ఎక్కడ జరుగుతున్నాయి అని తెలుసుకోవాలని తపించే హీరో కథ రీమేక్ చేస్తూ, తెర మీద ఆ భాగం వదిలేసి, తెర వెనక దాన్నే ఆడుకున్నారు. సినిమా ఇంత రసవత్తరంగా ఉంటే ఎంత బాగుండేదో.

ఇక మీ దగ్గరికి వస్తున్నా, అసలు లేఖ మీకే కదా.

జోనాథన్ కంపెనీలు ఎలా పనిచేస్తాయో తెలుసుకుందామని లైబ్రరీకి వెళ్తాడు. పుస్తకాలు లేవు. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాం, కుదించి పెట్టాం, అసలువి ఇక్కడ ఉండవు అంటారు. చివరికి జెనీవా వెళ్తాడు, అక్కడ జీరో అనే పెద్ద కంప్యూటర్, దాన్ని చూసుకునే ముసలాయన రాల్ఫ్ రిచర్డ్‌సన్. ఆయన తెగ బాధపడుతూ చెప్తాడు, పదమూడో శతాబ్దం మొత్తం పోయిందయ్యా, ఎక్కడో మిస్ అయింది, పెద్దగా ఏమీ లేదులే, డాంటే, కొందరు అవినీతి పోప్‌లు. జోనాథన్ కంపెనీ నిర్ణయాల గురించి అడుగుతాడు, కంప్యూటర్ తిప్పి తిప్పి సమాధానం ఇవ్వదు, ముసలాయన కోపంతో దాన్ని కాలితో తంతాడు. 1975లో అది కామెడీ. ఇప్పుడు ఆ సీన్ చూస్తుంటే, పుస్తకాలు అమ్ముకుంటూ మొదలైన కంపెనీ చేతిలోనే ఈ సినిమా ఉండటం, ఆ కంపెనీకే ప్రపంచంలో పెద్ద పెద్ద సర్వర్ల వ్యాపారం ఉండటం, నేను రాస్తే ఓవర్‌గా ఉందని ఎడిటర్ కొట్టేసేవాడు. మీ మీద ఆరోపణ కాదు ఇది. మీకంటే బాగా ఈ సీన్ అర్థం చేసుకోగలిగే స్టూడియో ఇంకోటి లేదు అంటున్నా.

ఆటల సంగతి కూడా అంతే. 2022 నుంచి అమెరికన్ ఫుట్‌బాల్ గురువారం మ్యాచ్‌లు మీ ప్రైమ్‌లోనే వస్తున్నాయి. ఆదివారం ఆడిన టీమ్ గురువారం మళ్ళీ దిగాలంటే మధ్యలో మూడు రోజులు, ఒళ్ళు పచ్చడయ్యే ఆటలో మూడు రోజులు, ఆటగాళ్ళు దీని మీద ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. 2023లో లీగ్ ఓనర్లు మీటింగ్ పెట్టి, సీజన్ చివరి వారాల్లో గురువారం మ్యాచ్ బాలేకపోతే ఆదివారం మ్యాచ్‌ని తెచ్చి అందులో పెట్టుకోవచ్చు అని 24-8 ఓట్లతో రూల్ పాస్ చేశారు. న్యూయార్క్ జెయింట్స్ ఓనర్ జాన్ మారా లాంటివాళ్ళు గట్టిగానే వద్దన్నారు. ఎవరూ చావలేదు, ట్రాక్ మీద మంటలు లేవు, అంత సీన్ లేదు, నాకూ తెలుసు. అదే సంవత్సరం జనవరిలో డమార్ హామ్లిన్ అనే ఆటగాడు గ్రౌండ్‌లో గుండె ఆగి పడిపోతే ఆ మ్యాచ్ అక్కడికక్కడ ఆపేశారు, మళ్ళీ ఆడించలేదు, జూయిసన్ ఊహించిన లోకంలో అది జరగదు. కానీ ఆట బాగా కనబడటానికి ఆటగాడి విశ్రాంతి రూల్ మార్చడం, అది ఆటగాళ్ళు లేని గదిలో ఓటింగ్‌తో జరగడం, ఈ మెషిన్ మీకు లోపలినుంచి తెలుసు. మా దగ్గరా చిన్నసైజులో ఉంది, ఐపీఎల్‌లో 2009లో స్ట్రాటజిక్ టైమౌట్ వచ్చింది, ఏం స్ట్రాటజీయో యాడ్లు చూసిన ప్రతివాడికీ తెలుసు, 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ వచ్చింది, ఆల్‌రౌండర్లకి పని తగ్గిందని రోహిత్ శర్మే బయటికి చెప్పాడు, రూల్ మాత్రం కదల్లేదు. ఉప్పల్‌లో సిక్సులు పడుతుంటే నేనూ ఈల వేస్తాను, వెయ్యనని చెప్పను.

అప్పట్లో జూయిసన్‌కి ఇంకో వింత ఎదురైంది. సినిమా చూసి కొందరు ప్రమోటర్లు వచ్చి, నిజంగా రోలర్‌బాల్ లీగ్ పెడతాం, హక్కులు ఇవ్వండి అని అడిగారట. ఆయనకి ఒళ్ళు మండిపోయింది, ఇలాంటి ఆటల పిచ్చి ఎంత జబ్బో చూపిద్దామని తీస్తే దాన్నే అమ్మమంటారేంటని. ఆయన తప్పు కూడా కొంచెం ఉంది అంటాను నేను, ఆ ట్రాక్‌ని డిజైన్ చేసింది వెలోడ్రోమ్‌లు (సైకిల్ రేసుల ట్రాకులు) కట్టే అసలు ఆర్కిటెక్ట్ హెర్బర్ట్ షూర్మన్, షాట్ గ్యాప్‌లో స్టంట్ వాళ్ళు, యూనిట్ వాళ్ళు సరదాగా ఆడుకునేవాళ్ళని చెప్తారు, ఆట అంత బాగా కుదిరింది. చూస్తుంటే మనకీ ఒళ్ళు ఊగుతుంది. కానీ ఊగినందుకు ఆ తర్వాతి సీన్లో సిగ్గుపడేలా చేస్తాడు ఆయన, రీమేక్ వాళ్ళు ఊపడం దగ్గరే ఆగిపోయారు. మీరు మూడోసారి తీస్తే దాంతోపాటు గేమ్, మర్చండైజ్, ఎగ్జిబిషన్ మ్యాచ్ లైవ్ స్ట్రీమ్ అన్నీ ప్లాన్ చేసే డిపార్ట్‌మెంట్ మీకు రెడీగా ఉంది, ప్రమోటర్లు బయటినుంచి రావాల్సిన పనిలేదు.

జూయిసన్ 2024 జనవరిలో పోయారు, 97 ఏళ్ళు. కాన్ 2022లో పోయాడు. ఎస్క్వైర్ పత్రికలో 1973లో కథ రాసి, స్క్రీన్‌ప్లే కూడా తనే రాసిన విలియమ్ హారిసన్ కూడా లేరు. అడ్డం పడేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి నేను పడుతున్నా.

అడిగేది ఇదీ. వీలైతే తీయకండి. పాతదాన్ని మంచి ప్రింట్‌తో థియేటర్లకి పంపండి, ఇండియాకి కూడా పంపండి. మా దగ్గర పాత సినిమాలు 4కేలో మళ్ళీ వేస్తే జనం థియేటర్ల ముందు చేసే హడావిడి మీ హైదరాబాద్ ఆఫీసు వాళ్ళని అడిగితే చెప్తారు. దీనికి అంత రాదు, నిజమే, ఒక్క స్క్రీన్, ఒక్క వీకెండ్ ఇచ్చినా చాలు, కాకపోతే కింద తెలుగు సబ్‌టైటిల్స్ వెయ్యండి, డబ్బింగ్ వద్దు, జేమ్స్ కాన్ గొణుగుడు డబ్బింగ్‌లో పోతుంది.

తీయకుండా ఉండలేం అంటారా, సరే, అయితే కజకిస్తాన్ వద్దు, రష్యన్ యాస ఓనర్ వద్దు, ఎక్కడో వేరే దేశంలో చెడ్డవాళ్ళు చేసే పని అన్నట్టు చూపించొద్దు. ఆట ప్రసారం చేసే కంపెనీ హెడ్ ఆఫీసులోనే కథ మొదలెట్టండి, రూల్ మార్చే మీటింగ్ పూర్తిగా చూపించండి, అందులో అందరూ మంచివాళ్ళుగా, టీ తాగుతూ, సీజన్ బాగుండాలని నిజంగానే కోరుకుంటూ ఉండాలి. హీరోతో చివర్లో ఎవర్నీ చంపించకండి. చెట్ల సీన్ లాంటిది ఒకటి, కథకి పనికిరానిది, డైరెక్టర్ పెడతానంటే పెట్టనివ్వండి. పీజీ-13 మాట ఎత్తకండి. థియేటర్‌లో వెయ్యండి.

ఇంకొక చిన్న పని, ఇది రేపే చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. పెద్ద హాలీవుడ్ సినిమాల్లో స్టంట్ చేసినవాళ్ళకి తెర మీద పేర్లు వేసిన మొదటి సినిమా ఇదేనంటారు, ఆ ట్రాక్ మీద నిజంగా పడిందీ, ఎముకలు విరగ్గొట్టుకుందీ వాళ్ళే, చివర్లో ఒక్కొక్కరి పేరూ వస్తుంది. స్ట్రీమింగ్‌లో చూస్తుంటే సరిగ్గా అక్కడే బొమ్మ మూలకి ముడుచుకుపోయి, తర్వాత ఇది చూడండి అని ఇంకేదో తోసేస్తారు. ఈ ఒక్క సినిమాకి ఆ సెట్టింగ్ ఆపెయ్యండి. పేర్లు పూర్తిగా వెళ్ళాకే తర్వాతి బొమ్మ రానివ్వండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి, మీకు ప్రతి సంవత్సరం ప్రైమ్ డబ్బులు కట్టే ఒక ప్రేక్షకుడు